నేను నా కూతుర్ని కాను

జూన్ 2, సోమవారం

అప్పీలుకు మూడు లా కాలేజీల్లోనూ సీటు వచ్చింది. అది దరఖాస్తు పెట్టిందే మూడింటికి.

కింద వాటాలోని నోటరీ గారు అభినందించడానికి పైకి వచ్చి, "ఇంతకీ అమ్మాయి అసలు పేరేంటండీ?" అని అడిగితే నాకే ఒక్క క్షణం తట్టలేదు. నాలుగేళ్ళప్పుడు, ఇక పడుకోమని నేనంటే, నేరుగా వాళ్ళమ్మ దగ్గరకెళ్ళి నా తీర్పు కొట్టేయించుకుని వచ్చింది. ఆ రోజునుంచీ అప్పీలే. డిగ్రీ పూర్తయింది గానీ పేరూ మారలేదు, అలవాటూ మారలేదు.

ఏ కాలేజీలో చేరాలో నేను తేలుస్తానని చెప్పాను. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఊళ్ళో ఏ కాటా ఎటు మొగ్గుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. మూడు కాలేజీలను తూచలేనా? ర్యాంకు, ఊరు, రేపటి ఉద్యోగం. ఈ మూడే తూకపు రాళ్ళు. పక్షపాతమన్నది ఉండదు.

"మీరు తూచకపోతేనే తొందరగా తేలుతుంది," అంది మా ఆవిడ. ఆవిడ లెక్కల టీచరు. లెక్క చూడకముందే జవాబు చెప్పేస్తుంది.

రెండో సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినంత సంగతీ కాదు.

జూన్ 3, మంగళవారం

ఇక్కడైనా రాసుకోవాలి. నాకూ సీటు వచ్చింది.

పరీక్ష రాయాలని నేను వెళ్ళలేదు. పిల్ల రాసే చోట బల్లలు సరిగా ఉన్నాయో, ఫ్యాను తిరుగుతుందో లేదో చూద్దామనుకున్నాను. బయటివాళ్ళను లోపలికి రానివ్వరట. అభ్యర్థులకే ప్రవేశం. వయసు పరిమితి లేదు కనుక అభ్యర్థినయ్యాను. తీరా చూస్తే అప్పీలుకు వేరే సెంటరు పడింది. అయినా వెళ్ళాను. కూర్చున్నాక ప్రశ్నపత్రం ఇచ్చారు. చేతికిచ్చినదాన్ని పక్కన పెట్టి గోడలు చూస్తూ కూర్చోవడం మర్యాద కాదు. రాశాను.

ఆ తర్వాత వెబ్‌సైటు పనిచేస్తుందో లేదో చూద్దామని అవే మూడు కాలేజీలకు దరఖాస్తు కూడా పెట్టాను. పనిచేస్తోంది.

కొండ ఊళ్ళో ఉన్న కాలేజీవాళ్ళు నాకు సీటివ్వలేదు. రాజధాని కాలేజీవాళ్ళూ, మా ఊళ్ళో బస్సు డిపో మీద నడిచే సాయంకాలపు కాలేజీవాళ్ళూ ఇచ్చారు. ఇది కేవలం కాకతాళీయం. తూకం మీద దీని ప్రభావం ఏమీ ఉండదు.

జూన్ 5, గురువారం

మొదట ర్యాంకు తీసుకున్నాను. ఒక పత్రిక ప్రకారం కొండ కాలేజీ ఒకటో ర్యాంకు, రాజధాని కాలేజీ నాలుగు. డిపో కాలేజీ దాకా వచ్చేసరికి అంకెలు అయిపోయి 'తదితరములు' అని ఉంది.

ఎవరో ఒకటి అన్నంత మాత్రాన నేను ముద్ర వేసే రకం కాదు. పత్రికకే ఫోను చేశాను. ఒక కుర్రగొంతు పలికింది.

"ర్యాంకులు దేన్నిబట్టి ఇస్తారండీ?"

"చాలా ఉంటాయి సార్. లైబ్రరీ, టీచర్లు, కాలేజీకున్న పేరు..."

"పేరును ఎలా తూస్తారు?"

"జనాన్ని అడుగుతాం సార్, మంచి కాలేజీ ఏదీ అని."

"జనానికెలా తెలుస్తుంది?"

"మా ర్యాంకులు చూస్తారు కదా సార్."

ఆ సంభాషణంతా అన్నాల దగ్గర చదివి వినిపించాను. అప్పీలు నిదానంగా నమిలి మింగి, "రాజధాని కాలేజీకి నాలుగో ర్యాంకు ఇచ్చింది కూడా ఆ పత్రికే కదా నాన్నా?" అంది.

"అది నిజమైన నాలుగు," అన్నాను.

జూన్ 6, శుక్రవారం

దూరపు కొండలు నునుపు. పెద్దలు ఊరికే అనలేదు.

జూన్ 8, ఆదివారం

రెండో రాయి, ఊరు. దీని మీద మాట్లాడటానికి మా బావమరిది పొద్దున్నే దిగాడు. డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ప్రపంచాన్నంతా అద్దంలోంచి చూస్తాడు.

"లొకేషనంటే ఏంటి బావా? పార్కింగు. అంతే. ఆ కొండ ఊరు నేను చూశాను, బండి ఆపితే చాలు, వెనక్కి వెళ్ళిపోతుంది. హ్యాండ్ బ్రేకు మీద బతకాలి."

"మావయ్యా, నాకు కారే లేదు," అంది అప్పీలు.

"ఎప్పటికీ ఉండదా? భవిష్యత్తు చూడాలమ్మా. రాజధానైతే వేరే లెక్క. అక్కడ హారను కొడితే ఎవడూ జరగడు, తిరిగి కొడతాడు. లాయరుకి అంతకంటే ట్రైనింగేం కావాలి?"

వాడు నా జీవితంలో మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. ఆ ఊపులో నేనూ, "ఇద్దరు కలిసి చిన్న వాటా తీసుకుంటే అద్దె కూడా కలిసొస్తుంది," అన్నాను.

"ఇద్దరెవరు?" అంది మా ఆవిడ.

"అంటే... లోకంలో సాధారణంగా ఇద్దరుంటారు కదా అని."

ఆవిడ నా వైపు చూసిన చూపుకు నేను భుజాలు తడుముకోలేదు గానీ, మధ్యాహ్నం దాకా బయటి పనులేవో చూసుకున్నాను.

జూన్ 10, మంగళవారం

మూడో రాయి, ఉద్యోగం. దీనికి నోటరీ గారే తగిన మనిషి. మెట్ల కింద చిన్న బల్ల, రబ్బరు స్టాంపు, ఇంకు డబ్బా. ఆయన ఆఫీసు అంతే. జడ్జి కావాలని చదువుకున్నారట.

"కాలేజీలో ఏముందండీ ఇన్‌స్పెక్టరు గారూ, అంతా గొంతులో ఉంది. నా గొంతు పీల. అందుకే స్టాంపు పట్టుకున్నా. అమ్మాయి గొంతు ఎంత దూరం వెళ్తుందో ముందు అది చూడండి," అన్నారు.

సరేనని అప్పీలును రోడ్డుకు అవతల నిలబెట్టి, "అభ్యంతరం, మిలార్డ్!" అని అరవమన్నాం. అరిచింది. బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కుతారా లేదా అమ్మా?" అన్నాడు. నోటరీ గారు పీలగొంతుతోనే "భేష్" అని చప్పట్లు కొట్టారు.

పోలికకు ఉంటుందని నేనూ ఒకసారి అరిచాను. వీధి చివర రెండు కుక్కలు లేచాయి.

"మీ గొంతు కూడా తీసిపారేసేది కాదండోయ్," అన్నారు నోటరీ గారు.

జూన్ 11, బుధవారం

గొంతు విషయంలో నోటరీ గారికి చాలా అనుభవం ఉంది.

జూన్ 13, శుక్రవారం

అప్పీలు కొండ కాలేజీ వైపే మొగ్గుతోంది. ఒకసారి రాజధాని కాలేజీని కళ్ళతో చూసి అప్పుడు చెప్పమన్నాను. నేను తోడు వస్తానన్నాను. తూచకుండా ధర చెప్పకూడదు.

మా ఆవిడ నా చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, "పిల్ల కాలేజీ చూడటానికి మీకు కొత్త చొక్కా ఎందుకండీ?" అంది.

జూన్ 17, మంగళవారం

ఇవాళ పొద్దున్నే తిరిగి వచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాలేజీ ఎదురుగానే హైకోర్టు. పిల్లలు పొద్దున అక్కడికెళ్ళి వాదనలు విని, వచ్చి పాఠాలు వింటారట. ఆఖరి సంవత్సరం కుర్రాడొకడు మాకు అన్నీ తిప్పి చూపించాడు. మనిషి పొడుగు, టై అంతకంటే పొడుగు. హాస్టలు, లైబ్రరీ, నమూనా కోర్టు హాలు. "కాస్త పెద్ద వయసు విద్యార్థులకు కింది అంతస్తులో గది ఇస్తారా?" అని అడిగాను. "ఎవరికి నాన్నా?" అంది అప్పీలు. లోకజ్ఞానం కోసమన్నాను.

క్యాంటీనులో ఒక మూల పళ్ళ కొట్టుంది. ఆపిల్ పళ్ళు కొందామని నిలబడ్డాను. పళ్ళాయన కాటాలో తూచాడు. ముల్లు ఆగిన తీరు నాకు నచ్చలేదు. నా చెయ్యి నేను చెప్పకుండానే వెళ్ళి, సరుకు పెట్టే పళ్ళెం కింద తడిమింది. అక్కడేదో ముద్ద అంటుకుని ఉంది.

"తక్కువ తూకం!" అన్నాను. నా గొంతు ఎంత దూరం వెళ్తుందో మళ్ళీ తెలిసింది. క్యాంటీను క్యాంటీనంతా లేచింది.

పళ్ళాయనకు ముఖం ఎర్రబడిపోయింది. "ఇన్నేళ్ళుగా ఉన్నాను, నన్ను దొంగంటారా? తేల్చాల్సిందే," అన్నాడు. చుట్టూ ఉన్నదంతా లా చదివే పిల్లలు. ఆకలిగా ఉన్నవాళ్ళకు అన్నం కనిపించినట్టయింది. మా ఇద్దర్నీ, కాటానూ, ఆపిల్ పళ్ళనూ మోసుకుని నమూనా కోర్టు హాలుకు పోయారు. పొడుగు టై జడ్జి కుర్చీలో కూర్చున్నాడు.

పళ్ళాయన తరఫున వాదించడానికి ఇరవై మంది చేతులెత్తారు. అప్పు పెడతాడట. నా తరఫున ఒక్కడు లేడు. ఇంతలో అప్పీలు లేచింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంతైనా కన్నపిల్ల అనుకున్నాను. అది నేరుగా నడిచివెళ్ళి పళ్ళాయన పక్కన నిలబడింది.

నా వాదన నేనే చేసుకున్నాను.

"సాక్షి ప్రస్తుతం ఏ ఉద్యోగంలో ఉన్నారు?" అని మొదలుపెట్టింది నా కూతురు.

"రిటైరయ్యాను."

"అంటే ఉద్యోగంలో లేరు."

"అనుభవంలో ఉన్నాను!"

హాలంతా నవ్వు. జడ్జి బల్ల మీద చెప్పుతో కొట్టాడు. సుత్తి దొరకలేదట.

అప్పీలు ఆ ముద్దను కాగితంతో తీసి, వాసన చూసి, అందరికీ చూపించింది. "మిలార్డ్, ఇది చూయింగ్ గమ్. పుదీనా వాసన ఇంకా వస్తోంది. ఈ కొట్టు బల్లకు ఆనుకుని కబుర్లు చెప్పేది ఎవరో ఈ హాల్లో చాలామందికి తెలుసు." వెనక వరసలో ఒకడు నమలడం ఆపేశాడు. పళ్ళాయన కన్నీళ్ళు తుడుచుకున్నాడు. నాకు అక్కడితో ఆపాలని తెలుసు. కానీ అది ఆపితేగా.

"పైగా రిటైరైన మనిషికి కాటా తనిఖీ చేసే అధికారం ఎక్కడిది?"

"కొనుక్కునేవాడిగా నాకు హక్కుంది!"

"ఇది విద్యార్థుల క్యాంటీను. బయటివారు ఇక్కడ ఏమీ కొనకూడదని గోడ మీద రాసి ఉంది. సాక్షి బయటివారు. కాబట్టి కొనుక్కునేవారు కూడా కారు."

ఎటు చూసినా దారి లేదు. నా కూతురు నన్ను చిత్తుగా ఓడిస్తోంది. రక్తం తలకెక్కింది.

"నేను బయటివాణ్ణి కాను!" అని అరిచాను. "నాకీ కాలేజీలో సీటొచ్చింది!"

హాలంతా చప్పట్లు, ఈలలు. ముసలాయన భలే ఎత్తు వేశాడనుకున్నారు. చప్పట్లు కొట్టనిది ఒక్కతే. నేను అబద్ధమాడితే నా ముఖం ఎలా ఉంటుందో దానికి తెలుసు. ఇప్పుడలా లేదు.

"నాన్నా... నిజమా?"

"న్యాయవాది సాక్షిని నాన్నా అనకూడదు," అన్నాడు జడ్జి.

తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చింది. పళ్ళాయనకు చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాను. ఆయన ఒక ఆపిల్ ఎక్కువే వేశాడు. అప్పీలు చుట్టూ పిల్లలు మూగి ఫోను నంబరు అడుగుతుంటే నేను కాటా మోసుకెళ్ళి కొట్టులో పెట్టి వచ్చాను.

రైల్లో అప్పీలు ఫోనులో తల దూర్చి కూర్చుంది. చివరకు కిటికీ వైపే చూస్తూ అంది.

"నేను పుట్టినప్పటినుంచీ ఇంట్లోనే వాదిస్తున్నాను నాన్నా. మొదటిసారి బయటకెళ్ళి వాదించబోతున్నాను. అక్కడ కూడా నువ్వే ఉంటే, అది ఇంకో ఇల్లు అవుతుంది గానీ కాలేజీ ఎలా అవుతుంది?"

నేను ఆపిల్ కోస్తూ ఉన్నాను. కోసిందంతా దానికే పెట్టాను.

జూన్ 18, బుధవారం

మా ఆవిడకు తెలిసింది. మొదట నవ్వింది. కుర్చీలో కూర్చుని నవ్వింది, కుర్చీలోంచి దిగి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "చదువుకుంటానంటే వద్దన్నానా? దాని బెంచీలోనే కూర్చుని చదవాలా?" అంది.

జూన్ 19, గురువారం

నాకు ఆ కాలేజీ మీద ఎప్పుడూ ఆసక్తి లేదు.

జూన్ 20, శుక్రవారం

అసలే లేదు.

జూన్ 21, శనివారం

కొండ కాలేజీలో చేరతానని అప్పీలు తేల్చేసింది. ఒకటో ర్యాంకు కదా అంది. సోమవారమే అక్కడ చేరడానికి గడువు.

నేను తూకం మళ్ళీ వేశాను. ఈసారి నా బొటనవేలు పళ్ళెం మీద లేకుండా వేశాను. రాజధానే మొగ్గింది. నాకు కావాలని కాదు. ఆ హాల్లో అది మాట్లాడుతుంటే దాని చేతులు కదిలిన తీరు నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కోపంగా ఉంటూనే, పొడుగు టై పంపిన కేసు ఏదో రహస్యంగా చదువుకుంటూ కూర్చుంది.

కొండ కాలేజీకి ర్యాంకు కోసం వెళ్ళడం లేదు. నాకు సీటు రాని కాలేజీ అదొక్కటే కనుక వెళ్తోంది.

ఈ మాట నేను చెబితే ఒకే ఒక్క అర్థం వస్తుంది, దాని వెనకే నేనూ వస్తానని. నోరు కుట్టేసుకున్నాను.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే రాజధాని కాలేజీకి ఫోను చేసి నా సీటు వదులుకుంటున్నానని చెప్పాను. క్లర్కు ఇంటిపేరూ, పేరులో మొదటి అక్షరమూ అడిగి, "అయిపోయింది," అన్నాడు. ఇంత తేలికైన పనికి ఇన్నాళ్ళూ అంత బరువు మోశానా అనిపించింది.

టిఫిన్ల దగ్గర చెప్పాను. "నేను అక్కడికి రావడం లేదు. సీటు రద్దు చేయించాను. ఇప్పుడు నీ ఇష్టం."

అప్పీలు తింటున్నది ఆపింది. "ఎందుకూ?"

"గడువు సాయంత్రం దాకా ఉంది. నన్ను తీసేసి తూచుకో."

మధ్యాహ్నం దాకా గదిలో తలుపేసుకుని ఉంది. తర్వాత వచ్చి, కొండ కాలేజీకి రానని చెప్పేశానంది. రాజధానిలో చేరతానంది. అన్నం రెండోసారి వడ్డించుకుంది. ఆ హాలు గురించే మాట్లాడింది. నేను ఎప్పుడు ఎక్కడ తప్పు వాదించానో వివరంగా చెప్పింది. ఇంత హాయిగా ఓడిపోవచ్చని నాకు తెలియదు.

జూన్ 25, బుధవారం

కొంప మునిగింది.

అప్పీలు ఫోనుకు కాలేజీనుంచి కబురు: మీ కోరిక మేరకు మీ సీటు రద్దు చేయడమైనది, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. అదే సమయానికి నా ఫోనుకు: మా కుటుంబంలోకి స్వాగతం.

ఇంటిపేరు ఒకటే. మొదటి అక్షరం ఒకటే. ఆ పేరు పెట్టింది నేనే.

క్లర్కుకు ఫోను చేశాను.

"మీరే కదా మేడం రద్దు చేయమన్నది?"

"నేను మేడాన్ని కాను! రద్దు చేయమన్నది నాది!"

"మీదే చేశాం మేడం."

"అది మా అమ్మాయిది. నేను తండ్రిని. నా గొంతు వినండి!"

"గొంతు రుజువు కాదు సార్. మీరు మీ అమ్మాయి కాదని అఫిడవిట్ పట్టుకుని ఇద్దరూ రావాలి."

కొండ కాలేజీని వద్దనేశాం. రాజధాని చేజారింది. నా మూలంగానే. అప్పీలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

జూన్ 26, గురువారం

నోటరీ గారు మెట్ల కింద కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "నా సర్వీసులో ఇలాంటిది రాయలేదు. చెప్పండి," అన్నారు.

'నేను నా కూతుర్ని కానని ఇందుమూలముగా ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను. గతములో ఎన్నడును కాను.' భవిష్యత్తు సంగతి కూడా రాయాలా అని కాస్త చర్చ జరిగింది. రాశారు.

మా ఆవిడ మెట్ల మీదనుంచి చూసి, "ఒకవైపే రాస్తే సరిపోదు. రెండోవైపూ నిరూపించాలి," అంది. లెక్కల మనిషి. దాంతో అప్పీలు చేత కూడా 'నేను మా నాన్నను కాను' అని రాయించి సంతకం పెట్టించారు. పెడుతున్నప్పుడు దాని పెదవి కొంచెం వణికింది. ఏడుపనుకున్నాను. నవ్వు. ఆపుకోలేక గోడకు చేరబడి నవ్వింది. దాన్ని చూసి నేను, నన్ను చూసి నోటరీ గారు. ఆ ఊపులో స్టాంపు ఒకటి బల్ల మీద కూడా పడింది.

సాక్షి సంతకం బావమరిది పెట్టాడు. 'వీరిద్దరూ వేర్వేరు మనుషులని నాకు బాగా తెలుసు' అని కింద సొంతంగా చేర్చాడు.

జూన్ 28, శనివారం

నిన్న రాజధానికి బావమరిది కారులోనే వెళ్ళాం. డ్రైవింగు నేర్పే కారు. ఎడమ సీటు కింద కూడా బ్రేకు ఉంటుంది. నేను అక్కడ కూర్చున్నాను. లారీ కనిపించినప్పుడల్లా నొక్కాను. "బావా, ఈ లెక్కన పిల్ల లా కోర్సు అయిపోయాక చేరతాం," అని సగం దూరంలో నన్ను వెనక్కి పంపి అప్పీలును ముందు కూర్చోబెట్టాడు.

ఆఫీసులో క్లర్కు మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, రెండు కాగితాలూ చదివి, మళ్ళీ మమ్మల్ని చూశాడు. "ఇద్దరని ఒప్పుకుంటాను. కానీ రద్దయిన సీటు తిరిగివ్వడానికి రూలు లేదు. ప్రిన్సిపాల్ గారికి చెప్పుకోవాలి," అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అప్పీలు నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నాన్నా. నువ్వు బయట కూర్చో."

కూర్చున్నాను. వరండాలో చెక్క బెంచీ. తలుపు సందులోంచి దాని గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. నాకు తెలిసిన పాయింట్లు కనీసం అరడజను ఉన్నాయి. ఒక్కొక్కటీ గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్ళాను కూడా. నిలబడ్డాను. తిరిగొచ్చి కూర్చున్నాను. నా ఉద్యోగం మొత్తంలో ఇంత కష్టమైన పని చేయలేదు.

బయటకొచ్చినప్పుడు దాని చేతిలో కాగితం ఉంది. సీటు తిరిగి ఇచ్చారు. నాది రద్దు చేశారు, ఈసారి సరైనవాడిదే.

"ఏం చెప్పావు లోపల?" అన్నాను.

"అది నాకూ నా కక్షిదారుకూ మధ్య."

"నీ కక్షిదారు ఎవరు?"

"నేనే," అంది.

బావమరిది కారులో నిద్రపోతున్నాడు. లేపి చెబితే, నిద్రలోనే హారను కొట్టాడు.

జూలై 1, మంగళవారం

సాయంకాలం ఇంటికొచ్చి మా ఆవిడ, "డిపో కాలేజీలో మీ పేరు నమోదు చేయించి వచ్చాను," అంది.

"తదితరముల్లోనా? ర్యాంకు చూశావా?"

"చూశాను. సాయంత్రం మీరు మూడు గంటలు ఇంట్లో ఉండరు. నా దృష్టిలో దానికి ఒకటో ర్యాంకు."

నేను వెళ్ళేది ఆవిడ మాట కాదనలేకే.

జూలై 14, సోమవారం

అప్పీలును రైలెక్కించాం. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "కాటాలు ముట్టుకోకు!" అని అరిచింది. ప్లాట్‌ఫారం మీద సగం మంది నా వైపు తిరిగారు.

ఇల్లు బాగా నిశ్శబ్దంగా ఉంది. నేను ఏది చెప్పినా అదే ఫైనలైపోతోంది. ఇదేం బాగాలేదు.

ఆగస్టు 4, సోమవారం

మొదటి క్లాసు. కింద డిపోలో బస్సు బయలుదేరినప్పుడల్లా కిటికీ అద్దాలు వణుకుతాయి, లెక్చరరు ఆగుతాడు. బస్సుకూ బస్సుకూ మధ్య దొరికిన న్యాయశాస్త్రం చెబుతాడు. నా వెనక వరసలో ఒక నర్సమ్మ, డ్యూటీ దిగి నేరుగా వస్తుంది. ఆవిడ పక్కన ఒక టైరు షాపాయన. మొదటి వరసలో కూర్చున్నది నేనొక్కణ్ణే. వినిపించడానికే.

"చట్టమంటే ఏమిటి?" అని అడిగాడు లెక్చరరు. నేను చెయ్యెత్తి లేచి చెప్పాను. సరిగ్గా అప్పుడే బస్సు బయలుదేరింది. పూర్తయ్యేదాకా ఆగకుండా చెప్పాను. బస్సు వెళ్ళాక లెక్చరరు, "చాలా బాగా చెప్పారు," అన్నాడు.

కొత్త చొక్కా వేసుకువెళ్ళాను. అది ఊరికే.

ఆగస్టు 14, గురువారం

ఇవాళ తప్పిపోయిన కుక్క పాఠం. కుక్కను తెచ్చిచ్చినవాడికి బహుమతి ఇస్తామని ఒకాయన ప్రకటించాడు. ఆ సంగతి తెలియనివాడెవడో మంచితనం కొద్దీ కుక్కను తెచ్చి అప్పగించాడు. తర్వాత ప్రకటన గురించి విని బహుమతి అడిగాడు. అడగడానికి హక్కు లేదట. ఇస్తామన్న మాటే తెలియనివాడు దానికి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుందని లెక్చరరు అడిగాడు. మంచి పాయింటు. దారంతా అదే అనుకుంటూ వచ్చాను.

ఆగస్టు 17, ఆదివారం

అన్నానికి కూర్చోబోతుంటే అప్పీలు ఫోను చేసింది. హాస్టల్లో ఫ్యాను చప్పుడు, స్నేహితురాళ్ళు, పొద్దున కోర్టులో ఒక లాయరు ముప్పావుగంట మాట్లాడి తన కక్షిదారు పేరే మర్చిపోవడం, అన్నీ గబగబా చెప్పింది. పెట్టేస్తుందేమో అనుకునేలోగా, "నాన్నా, నీకు లా క్లాసులు జరుగుతున్నాయి కదా, ఒక డౌటు," అంది. దాని పుట్టుకనుంచీ నన్ను డౌటు అడగడం ఇదే మొదలు.

"అడుగు."

"ఒకడి కుక్క తప్పిపోయింది. తెచ్చినవాడికి బహుమతి ఇస్తానని ప్రకటించాడు. ఆ ప్రకటన చూడకుండానే ఇంకొకడు తెచ్చిచ్చాడు. వాడికి బహుమతి అడిగే హక్కుందా? మాకింకా ఆ పాఠం రాలేదు, రేపు అడుగుతారట."

జవాబు నాకు తెలుసు. నాలుగు మాటల్లో చెప్పగలను. చెబితే, థాంక్స్ నాన్నా అని పెట్టేస్తుంది.

"ఎందుకుండదు? కుక్క ఇల్లు చేరింది కదా, ఇచ్చి తీరాలి," అన్నాను.

"అదెలా నాన్నా?" అంది. గొంతు మారింది. కుర్చీ లాక్కున్న చప్పుడు కూడా వినిపించింది. "అసలు వాడికి ఆ మాటే తెలియదు కదా? తెలియని మాటకు ఒప్పుకోవడమేంటి?"

మా ఆవిడ కంచం ముందు కూర్చుని, ఇంకెంతసేపని సైగ చేసింది. నువ్వు తినమని నేను చెయ్యి ఊపాను. అవతల నన్ను వరసగా ఓడిస్తోంది, ఒక్కొక్క పాయింటూ తనంతట తానే కనుక్కుని. అన్నం చల్లారిపోయింది. నేను ఇంకా ఒప్పుకోలేదు.